మగ్గం దిగని ఇళ్ళు

మన శాఖలో కొత్తగా చేరిన పిల్లలు అప్పుడప్పుడు మా ఇంటికి వస్తుంటారు. కాఫీ తాగుతూ అందరూ ఒకటే అడుగుతారు: "సార్, మీ సర్వీసులో మీరు కట్టినవాటిలో ఏది గొప్పది?" చెరువులకు తూములు కట్టాను. రోడ్లు వేశాను. పులివెందుల వైపు వంకల మీద చిన్న వంతెనలు నాలుగైదు కట్టాను. అవన్నీ ఇప్పటికీ నిలబడే ఉన్నాయి, కాబట్టి వాటి గురించి చెప్పడానికి ఏమీ లేదు. బాగా కట్టిన వంతెనను ఎవరూ తలచుకోరు, దాని మీద నడిచి పోతారు. అందుకని నేను తప్పుగా కట్టిన ఒక పేట గురించి రాస్తున్నాను. మీకు పనికొచ్చేది అదే.

అప్పటికి ఆంధ్ర రాష్ట్రం ఏర్పడి ఎంతో కాలం కాలేదు. రాజధాని కర్నూలులో, ఆఫీసులు సగం డేరాల్లో ఉండేవి. నేను జమ్మలమడుగులో ఓవర్సీరును. పెళ్ళి కాలేదు. మా నాయన ఆ చుట్టుపక్కల పల్లెల్లో క్రైస్తవ సంఘానికి ఉపదేశిగా పనిచేసినవాడు. ప్రతి పొద్దూ బైబిలు వాక్యం చదివించి గానీ గంజి పోయించేవాడు కాదు. చదువులో నేను అంత చురుకు కాదు గానీ, వాక్యంలో ఏ మాట ఎక్కడుందో అడిగితే చటుక్కున చెప్పేవాణ్ణి. ఆ సంగతి నాకు తెలుసు, సంఘానికీ తెలుసు. ఆ గర్వం కూడా ఈ కథలో ఒక పాత్రే.

ఆ ఏడు కార్తీక మాసంలో నాలుగు దినాలు ఎడతెరిపి లేకుండా వాన కొట్టింది. పెన్న పొంగి ఊరి అంచున ఉన్న నేతపనివాళ్ళ వీధిలోకి వచ్చింది. మన సీమ మిద్దెల సంగతి ఇప్పటి పిల్లలకు అంతగా తెలియదు, కొంచెం చెప్పాలి. బురద మట్టితో పేర్చిన రాతి గోడలు, వాటి మీద దూలాలు, దూలాల మీద కట్టెలు పరిచి పైన చవుడు మట్టి పోస్తారు. ఏటా వానలకు ముందు మిద్దె ఉరవకుండా, అంటే కారకుండా, మళ్ళీ కొంత చవుడు పోస్తారు. పాతది తియ్యరు. తాత పోసిన దాని మీద తండ్రి, తండ్రి పోసిన దాని మీద కొడుకు. అంటే ఇల్లు పాతబడే కొద్దీ గోడ బలం తగ్గుతుంది, నెత్తిన బరువు పెరుగుతుంది. నాలుగు దినాల వానకు ఆ చవుడంతా నీళ్ళు తాగింది. కింద వరద నీటికి గోడలు మెత్తబడ్డాయి. ఒక మిద్దె పడితే ఆ అదురుకు పక్క మిద్దె పడింది. ఒక్క పూటలో వీధి వీధంతా మట్టిదిబ్బ అయింది.

చనిపోయినవాళ్ళు పోగా మిగిలినవాళ్ళను మా చర్చిలోనూ పక్కనున్న బడిలోనూ పెట్టాము. వాళ్ళు మట్టిలోంచి లాగి తెచ్చుకున్న మగ్గం కర్రలు, దోనెలు, అచ్చులు చర్చి ఆవరణలో ఈతచాపల కింద కుప్ప పోసుకున్నారు. కొత్త పేట కట్టించే పని మా ఆఫీసుకు వచ్చింది.

మా పెద్ద ఇంజనీరు ముద్దనూరులో రైలు దిగి జీపులో వచ్చాడు. కోస్తా మనిషి, మద్రాసు రోజుల నుంచి సర్వీసులో ఉన్నవాడు, మాట పొదుపు. వీధి ఈ కొస నుంచి ఆ కొస దాకా మట్టిదిబ్బల మీద నడిచి, చివర్లో నిలబడి అన్నాడు: "ఇది వరద చేసిన పని కాదయ్యా. భూకంపం ఏం చేస్తుందో సరిగ్గా అదే జరిగింది ఇక్కడ."

ఆయన వయసులో ఉన్నప్పుడు ఉత్తరాన భూకంపంలో నేలమట్టమైన ఒక పట్నాన్ని మళ్ళీ కట్టడానికి వెళ్ళాడట. ఆ సాయంత్రం ట్రావెలర్సు బంగళాలో దాని గురించి చెప్పాడు. భూమి కదలగానే జనం ఇళ్ళలోంచి సందుల్లోకి పరిగెత్తారు. సందులు ఇరుకు. రెండు పక్కల గోడలూ వాళ్ళ మీదే పడ్డాయి. "ఇంట్లో ఉన్నవాళ్ళ కన్నా బయటికి వచ్చినవాళ్ళనే ఎక్కువమందిని తవ్వి తీశాను," అన్నాడు. మరునాడు ప్లాను గీసి ఇచ్చాడు. ఊరికి ఎగువన గట్టి నేల. పైన చవుడు ఉండకూడదు, మంగళూరు పెంకులే. పొడవాటి వీధి ఉండకూడదు. మధ్యలో ఖాళీ చదరం, చుట్టూ ఇళ్ళు. అలాంటి చదరాలు రెండు. ఏం జరిగినా మనుషులు పది అంగల్లో ఆరుబయట ఉండాలి. ఆ ప్లానును తప్పు పట్టడానికి నాకు ఇప్పటికీ మనసు రాదు. చచ్చినవాళ్ళను కళ్ళారా చూసినవాడు గీసిన ప్లాను అది.

ఆ ప్లానులో నేల మట్టినేలే. దాన్ని మార్చింది నేను.

మా అమ్మ బతికినన్నాళ్ళూ మట్టినేలను పేడతో అలికింది. వానాకాలం నేల చెమర్చేది, చీమలు లేచేవి. నాపబండలు పరిచిన ఇంట్లోకి పోతే మా అమ్మ అరికాళ్ళతో ఆ చల్లదనాన్ని చూసి, "ఇట్లాంటి నేల మీద ఒక దినమన్నా పండుకోవల్ల," అనేది. ఆ కోరిక తీరకుండానే ప్రభువు దగ్గరికి పోయింది. మన జమ్మలమడుగు చుట్టూ బండల గనులే. నేను ఒక్కో గనికి వెళ్ళి, నష్టపోయిన కుటుంబాల కోసమని అడిగి, అంచులు విరిగిన బండలు ధర్మంగా ఇప్పించుకున్నాను. సున్నం గచ్చు మీద ప్రతి ఇంటికీ పరిపించాను. ఆఫీసుకు రాసి ఒప్పుకోలు తీసుకోలేదు. ఖర్చు లేని పనికి ఒప్పుకోలు ఎందుకనుకున్నాను.

పని చేయించేది ప్రొద్దుటూరు నుంచి వచ్చిన బేల్దారి మేస్త్రీ. సాయిబు. ఐదు పూటలా నమాజు చేసేవాడు. పనిలోనూ నోటిలోనూ పదును ఎక్కువ. మొదటి ఇంట్లో బండలు పరుస్తున్నప్పుడు తాపీ ఆపి నన్ను చూశాడు.

"సార్, ఈళ్ళు ఈ ఇంట్లో నేసుకుంటారా, నమాజు జేసుకుంటారా?"

"ఏం మేస్త్రీ, అట్లంటావు?"

"ఏంల్యా సార్. నేల మసీదు మాదిరి ఉంది. కాళ్ళు యాడ పెట్టుకుంటారా అని."

"కడుక్కొని పెట్టుకుంటారులే," అన్నాను. ఇద్దరం నవ్వుకున్నాము. ఆయన నవ్వు నా నవ్వు కన్నా ముందే ఆగిపోయింది. అది నేను గమనించి ఉండాల్సింది.

నేతపనివాళ్ళ పెద్ద ఒకాయన ఉండేవాడు. యాభై దాటిన మనిషి. ఆ పూట ఆయన భార్య గోడ కూలి చనిపోయింది. అప్పటి నుంచి ఆయన నోరు విప్పలేదు. చర్చి వరండాలో మగ్గం కర్రల కుప్ప వైపు చూస్తూ కూర్చునేవాడు. ఆయన బదులు ఆయన అక్క మాట్లాడేది. ఆమెను అందరూ అవ్వా అనేవాళ్ళు, నేనూ అవ్వా అనేవాణ్ణి. ఒక్కసారి మాత్రం ఆయనే పని దగ్గరికి వచ్చి, గడపలో నిలబడి, "మగ్గాలు యాడ సార్?" అన్నాడు. "ముందు ఇండ్లు కానీ పెద్దాయనా, మగ్గాలు ఆనక చూస్తాం," అన్నాను. మంచం సంగతో పెట్టె సంగతో అడిగినట్టు జవాబిచ్చాను. ఆయన తల ఊపి వెళ్ళిపోయాడు.

పిల్లలూ, మన సీమలో మగ్గం నేల మీద నిలబడదు. నేలలో గుంత తవ్వి, నేసేవాడు గుంత అంచున కూర్చుని, కాళ్ళు గుంతలోకి దించి, అడుగున ఉన్న తొక్కుడు చెక్కలు తొక్కుతాడు. ఇది నాకు తెలియదా అంటే, తెలుసు. చిన్నప్పటి నుంచీ ఆ వీధిలో నడిచినవాణ్ణి. కిటికీలోంచి చూస్తే నడుము దాకానే కనిపించే మనుషుల్ని వందసార్లు చూశాను. తెలిసిన సంగతి చేతికి అందకపోవడం ఒకటుంది. నా చేతిలో ఉన్నది టేపు, నా మనసులో ఉన్నది మా అమ్మ పాదాలు.

పని ముగింపుకు వచ్చింది. మరో పది దినాల్లో కలెక్టరు గారు వచ్చి తాళాలు ఇస్తారని కబురు. దానితోపాటు ఒక ఉత్తరువు కూడా వచ్చింది: తాళం తీసుకున్న వారంలోగా ఎవరైనా కాపురం పెట్టకపోతే ఆ ఇల్లు వేరేవాళ్ళకు రాస్తారు. ఇల్లు లేనివాళ్ళు ఊళ్ళో ఇంకా చాలామంది ఉన్నారు, కాబట్టి అది అన్యాయమైన ఉత్తరువేమీ కాదు. ఏ ఇల్లు ఎవరికో చీట్లు వేసి తేల్చాము.

ఆ వచ్చిన ఆదివారం పాస్టరు గారు పల్లెల మీదికి వెళ్ళారు. వాక్యం చెప్పే పని నాకు పడింది. ఆరాధన జరిగే గంటన్నర సేపు నేతపనివాళ్ళు మూటలు సర్దుకుని వరండాలో కూర్చునేవాళ్ళు. లోపలి మాట వాళ్ళకు వినబడేది. నేను తీసుకున్నది బైబిల్లో చాలామందికి తెలిసిన భాగమే: రాజుకు పానపాత్ర అందించే ఉద్యోగి ఒకాయన, తన పితరుల పట్టణపు గోడ కూలిపోయి ఉందని విని ఏడ్చి, రాజు దగ్గర సెలవు తీసుకుని వెళ్ళి, మళ్ళీ కట్టించిన భాగం. బాగా చెప్పాను. ఎవరింటికి ఎదురుగా ఉన్న గోడను వాళ్ళే కట్టుకున్న సంగతి చెప్పాను. ఎగతాళి చేసినవాళ్ళ సంగతి చెప్పాను. ఎగువన లేచిన మన కొత్త పేటను చూడండి అన్నాను. నా పేరు ఎత్తలేదు గానీ ఆ పానపాత్రవాడు ఎవరో సంఘానికి అర్థమయ్యేటట్టే చెప్పాను.

ఆరాధన అయ్యాక మెట్లు దిగుతుంటే అవ్వ పిలిచింది.

"అబ్బీ, ఆ గోడ కట్టించినాయప్ప కత శానా బాగ చెప్పినావు."

"దేవుని వాక్యం అవ్వా. నాదేముంది."

"ఆయప్ప ఊరికొచ్చినాక మొదట ఏం జేసినాడంటివి?"

"మూడు దినాలు ఊరకుండినాడు. ఆనక ఎవరికీ చెప్పకుండా కూలిన గోడ చుట్టూ తిరిగి, యాడ పడిందో యాడ కాలిందో చూసుకున్నాడు."

"చూసినాకనే కట్టినాడు."

"అవునవ్వా."

"మరి నువ్వు యాడ తిరిగినావప్పా?"

నేను నవ్వాను. "తిరిగినా గదా. మీ వీధిలో టేపు పట్టుకోని మూడు దినాలు కొలిచినా."

"కొలిచినావు, సూస్తి. గోడలు కొలిచినావు, వాకిండ్లు కొలిచినావు. మా తమ్ముడు యాడ కూసోని బతికినాడో ఆ గుంత కొలిచినావా?"

నాకు వెంటనే అర్థం కాలేదు. ఆమె చీర కొంగు దోపుకుని ముందు నడిచింది. "రా, సూపిస్తా." వెనక పెద్దాయన లేచాడు. గేటు దగ్గర బీడీ కాలుస్తున్న మేస్త్రీ కూడా మా వెంట వచ్చాడు.

కొత్త పేటలో మొదటి ఇంట్లోకి తీసుకుపోయి, అవ్వ బండల మీద చతికిలబడింది. రెండు కాళ్ళూ ముందుకు చాపింది.

"కూసున్యా. ఇప్పుడు కాళ్ళు యాడికి దించల్ల?"

అరచేత్తో బండను తట్టింది. గట్టి చప్పుడు వచ్చింది. మేస్త్రీ నా వైపు చూడకుండా గోడ వైపు చూస్తూ అన్నాడు: "ఆ పొద్దే అడిగితి సార్. కడుక్కోని పెట్టుకుంటారంటివి."

ఆమె లేచి బయటికి వచ్చింది. ఈ ఇంటి గోడకు వీపు ఆనించి, అంగలు లెక్కపెడుతూ చదరం దాటి, రెండు చదరాలకూ నడుమ అడ్డంగా ఉన్న ఇంటి గోడ దాకా పోయి ఆగింది.

"పడుగు ఈడికే పట్టుద్ది. తక్కింది ఎవురి నెత్తిన సాచల్ల?"

పడుగంటే నిలువు దారాలు. మగ్గానికి ఎక్కించే ముందు ఆ దారాలన్నిటినీ వీధి పొడుగునా చాపి, గంజి పెట్టి, ఇద్దరు మనుషులు కుంచె పట్టుకుని ఈ కొస నుంచి ఆ కొసకు దువ్వుతూ నడవాలి. ఎండ ముదిరేలోగా అయిపోవాలి. దానికి అడ్డం లేని పొడుగు వీధి కావాలి. వాళ్ళ పాత వీధి అంత పొడుగు ఎందుకుందో ఆ పొద్దు తెలిసింది నాకు.

"ఇన్ని దినాలు ఎందుకు చెప్పలేదవ్వా?" అన్నాను. నా గొంతులో కోపం ఉంది, అది ఎవరి మీదో నాకే తెలియదు.

"మొదట మగ్గాలకు సర్కారోళ్ళు యాడో షెడ్డు ఏస్తారులే అనుకుంటిమి. ఆనక నువ్వు బండలు దింపిస్తివి. ఆ పొద్దు నీ మొగం పెండ్లికొడుకు మొగం మాదిరి ఉన్నింది. ఇచ్చేవాని చెయ్యి ఎట్ల తోసేదప్పా?"

"మరి ఇప్పుడేం చేస్తారు?"

"ఏం జేసేది. నేత ల్యాకుండా ఈ ఇండ్లల్లో కూసోని తినేకి మాకేముంది? ప్రొద్దుటూరు మిల్లులకు కూలికి పోదామంటాండారు మా పిల్లోళ్ళు. తాళాలు తీసుకొని నీ మాట నిలబెడతాం. వారం కాపురముండి పోతాం."

నా మాట నిలబెట్టడానికి వారం కాపురం ఉంటారట. ఆ మధ్యాహ్నం ఇంటికి పోయి తలుపు వేసుకున్నాను. గదిలో మోకాళ్ళ మీద కూర్చున్నాను గానీ ప్రార్థన నోటికి రాలేదు. వాక్యంలో ఏ మాట ఎక్కడుందో తెలిసినవాడికి ఏ మాట తన కోసం రాశారో తెలియకపోవడం సిగ్గైన సంగతి. పొద్దున నేను చెప్పిన భాగాన్ని నాకు ఒక నేత ముసలామె వివరించింది. ఆమె మా సంఘం కాదు, మా విశ్వాసం కాదు. దేవుడు ఎవరి నోట మాట్లాడాలో నన్ను అడిగి నిర్ణయించడు.

సోమవారం పొద్దున్నే మేస్త్రీని పిలిచి ప్రతి ఇంట్లో ముందు గది మూల బండలు లేపమన్నాను.

"ఆర్డరు వచ్చిందా సార్?"

"వచ్చింది. నిన్న."

"ఆదివారం ఆఫీసు యాడ తెరిచినారు?"

"చర్చి మెట్ల కాడ."

ఆయన బీడీ పారేసి గునపం అందుకున్నాడు. "అట్లయితే అది పెద్దాఫీసే," అన్నాడు.

నేతపనివాళ్ళే వచ్చి గుంతలు తవ్వుకున్నారు. ఎవరి గుంత వాళ్ళది. ఒకరి గుంత ఇంకొకరికి సరిపోదట, కాలి పొడవును బట్టి లోతు. లేపిన బండలు వృథా పోలేదు. గుంత లోపలి గోడలకు నిలువుగా దించితే మట్టి జారదు, చెమ్మ పట్టదు. పాత మిద్దెల్లో ఆ సౌకర్యం లేదని వాళ్ళే అన్నారు. ఆ బండలు అలా నన్ను కొంచెం క్షమించాయి.

గుంతలు నా తప్పు, నేనే సరిచేశాను. వీధి సంగతి నా చేతిలో లేదు. రెండు చదరాలకూ నడుమ ఉన్న ఇల్లు తీసేస్తే చదరాలు కలిసి ఒక పొడవాటి వీధి అవుతుంది. అది పెద్ద ఇంజనీరు గీసిన గీత. టెలిగ్రాం ఇచ్చాను. మూడో దినం ఆయన జీపు దిగాడు. ముందుగా చూసింది లేపిన బండల్ని.

"నేలకు బండలు ఎక్కడివయ్యా? నా ప్లానులో మట్టినేల."

చెప్పాను. గనులు, ధర్మం, మా అమ్మ సంగతి తప్ప అన్నీ.

"నా ప్లాను నువ్వు అడక్కుండా మార్చావు. ఇప్పుడు నా ఇల్లు పడగొట్టమని అడుగుతున్నావు." గొంతు పెంచలేదు. "పొడవాటి వీధి వద్దని ఎందుకన్నానో నీకు చెప్పాను. నువ్వు విన్నావు."

"విన్నాను సార్."

"వాళ్ళను సందులోంచి తవ్వి తీసింది నువ్వు కాదు."

అప్పుడు పెద్దాయన ముందుకు వచ్చాడు. పని మొదలైనప్పటి నుంచి ఆయన నోట ఒక్క మాటే విన్నానని చెప్పాను కదా. పెద్ద ఇంజనీరు ఎదురుగా నిలబడి చేతులు కట్టుకున్నాడు.

"సార్, మా మిద్దె పడినప్పుడు నేను గుంతలో ఉన్న్యా."

"ఏ గుంత?"

"మగ్గం గుంత. నిలిచిన వరద నీళ్ళు తోడుతాంటి. దూలం వచ్చి మగ్గం గుంజల మీద ఆనుకున్యాది. నేను లోపలికి జారితి. మట్టి నెత్తిన పడింది గాని దూలం పడల్యా. నన్ను తవ్వి తీసినారు."

పెద్ద ఇంజనీరు ఆయన వైపు తిరిగాడు. "ఇంట్లో ఇంకెవరున్నారు?"

"నా ఆడమనిషి. ఇంట్లో ల్యా. వాన తెరిపిచ్చిందని నూలు సూసేకి సందులోకి పోయింది. ఎదురింటి గోడ పడింది."

పెద్ద ఇంజనీరు మెల్లగా అన్నాడు: "అదే నేను చెప్పేది. సందు."

"సందే సార్. రెండు చేతులు సాపితే రెండు పక్కలా గోడలు తగుల్తాండె. ఇరుకు సంపింది సార్. పొడుగు సంపల్యా." పెద్దాయన చదరం వైపు చెయ్యి చాపాడు. "ఇది ఇంత ఎడల్పు. గోడ పడినా నడిమికి రాదు. ఈ ఎడల్పు ఇట్లే ఉండనీండి. పొడుగియ్యండి."

పెద్ద ఇంజనీరు గోడ ఎత్తు చూశాడు. చదరం వెడల్పు అంగలేసి కొలిచాడు. మళ్ళీ కొలిచాడు. అడ్డంగా ఉన్న ఇంటి చుట్టూ ఒంటరిగా ఒకసారి తిరిగి వచ్చాడు. ఆదివారం నేను గొంతెత్తి చెప్పి, చెయ్యకుండా వదిలిన పని అది.

"ఈ ఇల్లు ఎవరికి వచ్చింది చీట్లలో?" అని అడిగాడు.

నేను జాబితా తీసేలోపే అవ్వ అంది: "మాదే సార్."

"తీసేస్తే మీకు ఇప్పట్లో ఇంకో ఇల్లు రాదు. కట్టడానికి మళ్ళీ మంజూరు కావాలి. ఏడాది పట్టొచ్చు."

"తమ్ముడూ," అంది అవ్వ, ఆయన్ను చూడకుండానే, "ఏమంటావు?"

"తీసెయ్యండి సార్," అన్నాడు పెద్దాయన.

పెద్ద ఇంజనీరు జేబులోంచి పెన్సిలు తీసి, జీపు బానెట్ మీద ప్లాను పరిచి, తను గీసిన ఇంటిని తనే కొట్టేశాడు. కింద సంతకం చేశాడు. వెళ్ళేముందు నాతో అన్నాడు: "బండల సంగతి నీ సర్వీసు పుస్తకంలో రాస్తాను. వీధి సంగతి నా పేరున రాసుకుంటాను. సరేనా?" రాశాడు. మంజూరు లేని పని చేశాడని. దానిలో ఒక్క అక్షరం అబద్ధం లేదు. ఆ వాక్యం వల్ల నా ప్రమోషను చాలా ఏళ్ళు ఆగింది. వచ్చే వానలకు ముందే నన్ను పులివెందులకు మార్చారు. ఆయన్ను నేను తప్పు పట్టలేదు. తన గీతను తన చేత్తో కొట్టేసిన అధికారిని సర్వీసంతా ఇంకొకరిని చూడలేదు.

కలెక్టరు గారు వచ్చిన దినం తాళాలు అందరికీ అందాయి. పెద్దాయన, అవ్వ వట్టి చేతులతో చర్చి వరండాకు తిరిగి వచ్చారు. ఆ సాయంత్రం ప్రార్థనలో పాస్టరు గారు వాళ్ళ పేర్లు ఎత్తి కృతజ్ఞత చెప్పారు. వరండాలో కూర్చున్న అవ్వ పక్కనున్న మేస్త్రీ వైపు వంగి, "మేమేం జేసినామని?" అంటుంటే వినపడింది. మంజూరు వచ్చేదాకా దాదాపు ఏడాది వాళ్ళు అక్కడే ఉన్నారు. మంజూరు వచ్చాక వీధి కొసన ఇల్లు లేచింది. ప్రొద్దుటూరు నుంచి మేస్త్రీ వచ్చాడు, పేటలో ఇంటికొక మనిషి వచ్చారు. నేను పులివెందుల నుంచి సెలవు పెట్టి బస్సులో వెళ్ళి రెండు దినాలు రాళ్ళు మోశాను. నేలకు ఏం వేద్దామని మేస్త్రీ అడిగితే, ఈసారి ముందుగా అవ్వను అడిగాను. "ముందర మట్టి," అంది. "ఎనక గదిలో బండలెయ్యి. వయసైపాయ, సల్లగా పండుకుంటా." ఆ వెనక గది బండలు నేనే పరిచాను. మేస్త్రీ చూసి, నాలుగు చోట్ల ఎత్తుపల్లాలున్నాయన్నాడు. తీసి మళ్ళీ వేస్తానంటే అవ్వ ఒప్పుకోలేదు.

ఇంకొక్క ఉదయం గురించి చెప్పాలి. అది దీనికన్నా ముందు, తాళాలు ఇచ్చిన మూడో దినం. కొత్త వీధిలో మొదటి పడుగు సాచారు. అడ్డంగా ఉన్న ఇంటిని తీసేసినా దాని గడపరాయి నేలలో పాతుకుని ఉండిపోయింది. దాని మీదుగా ఒక కొస నుంచి ఇంకో కొస దాకా తెల్లటి దారాలు నడుము ఎత్తున సాగాయి. గంజి వాసన. ఇద్దరు మనుషులు కుంచె పట్టుకుని నడుస్తున్నారు. ఆ ఇద్దరిలో ఒకరు పెద్దాయన. భార్య పోయినాక ఆయన దారం ముట్టడం అదే మొదలని తరువాత తెలిసింది. తెగిన దారాలు కలుపుతూ ఆడవాళ్ళు పక్కనే నడుస్తున్నారు. నేను ఊరికే చూడ్డానికి వచ్చి నిలబడితే అవ్వ ఒక కొసన ఉన్న కర్ర నా చేతికిచ్చింది.

"పట్టుకో. సడలనీవద్దు."

పట్టుకున్నాను. ఆ దారాల బిగువు చేతుల్లోకి వచ్చింది. వీధి అటు కొస దాకా, అటు నిలబడి లాగుతున్న మనిషి దాకా, ఒకటే బిగువు. ఆ ఆదివారం నుంచి రాని ప్రార్థన అప్పుడు వచ్చింది. తల వంచి కళ్ళు మూసుకున్నాను.

"అప్పా," అంది అవ్వ పక్క నుంచి. "దేవునికి ఆనక మొక్కుదువులే. కండ్లు తెరువు. ఆడ దారం తెగింది సూడు."

తెరిచాను. నిజమే, నా చేతికి మూరెడు దూరంలో ఒక దారం తెగి వేలాడుతోంది. కర్ర సడలకుండా, ఆమె వచ్చి ముడి వేసేదాకా, దాని మీది నుంచి చూపు తిప్పలేదు.